మందు మానకపోవడమూ సబరే

ఆరోగ్యం, తీరిక - ఈ రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతుంటారని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. ఆరోగ్యం ఉన్నన్నాళ్లూ దాని విలువ మనకు తెలియదు. గుండె తన పని తాను చేసుకుపోతుంది. నిద్ర వేళకు వస్తుంది. తిన్నది ఒంటికి పడుతుంది. ఇదంతా ఎంత సూక్ష్మమైన లెక్క మీద నడుస్తోందో మనం ఆలోచించం. గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఒక చిన్న గ్రంథి అదుపు తప్పినప్పుడు ఆ లెక్క విలువ తెలిసివస్తుంది. దాని పేరు థైరాయిడ్.

థైరాయిడ్ అనగానే మన ఇళ్లలో లావెక్కడం, నీరసం, పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్ర గుర్తుకొస్తాయి. అది గ్రంథి మందగించినప్పటి సంగతి. దానికి పూర్తి వ్యతిరేకమైన జబ్బు మరొకటి ఉంది. గ్రంథి అవసరానికి మించి పనిచేసి, రక్తంలోకి హార్మోన్లను కుమ్మరిస్తుంది. వైద్యులు దీన్ని హైపర్ థైరాయిడిజం అంటారు. దీనికి చికిత్స ఉంది, మంచి చికిత్సే ఉంది. కానీ ఆ చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఒళ్లు కాస్త కుదుటపడగానే మందు మానేసి, మళ్లీ మొదటికి వచ్చేవాళ్లు ఎందరో ఉన్నారు. అందుకే ఈ శుక్రవారం దీని గురించి చెప్పుకోవాలనిపించింది.

నజరా, జబ్బా?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఎన్ని కోచింగ్ సెంటర్లున్నాయో అన్ని హాస్టళ్లున్నాయి. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో ముగ్గురు, నలుగురు సర్దుకుని చదువుకుంటుంటారు. వారిలో ఒకరు చిక్కిపోతుంటే ఎవరికీ అనుమానం రాదు. హాస్టల్ తిండి అలాంటిది అనుకుంటారు. నిద్ర పట్టకపోతే పరీక్షల టెన్షన్ అనుకుంటారు. మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కుతూ ఆయాసపడితే, ఎప్పుడూ కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంతే అని నవ్వేస్తారు. సెలవులకు ఇంటికి వెళితే అమ్మీ చూసి, "నా బిడ్డకు నజర్ తగిలింది" అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

దృష్టి తగలడం నిజమేనని హదీసుల్లో ఉంది. సూరాలు చదివి ఊదడమూ తప్పు కాదు. అయితే అది రక్తపరీక్షకు బదులు కాదు. ఈ జబ్బుకు స్పష్టమైన గుర్తులున్నాయి. ఆకలి బాగా వేస్తుంది, ఎంత తిన్నా బరువు తగ్గుతుంది. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడుతుంది. చలికాలంలో కూడా చెమట పడుతుంది, అందరూ దుప్పటి కప్పుకుంటే ఈ మనిషి ఫ్యాన్ వేయమంటాడు. చేతులు ముందుకు చాచి వేళ్ల మీద ఒక కాగితం పెడితే అది సన్నగా వణుకుతుంది. విరేచనం రోజుకు రెండు మూడుసార్లు అవుతుంది. తొడల్లో బలం తగ్గి, నమాజులో సజ్దా నుంచి లేవడమే కష్టమవుతుంది. ఆడవారిలో నెలసరి క్రమం తప్పుతుంది. కొందరికి గొంతు వాపు కనిపిస్తుంది, కొందరికి కళ్లు ముందుకు పొడుచుకు వస్తాయి.

పెద్దవయసు వారిలో ఇవన్నీ కనిపించకపోవచ్చు. బరువు తగ్గడం, గుండె లయ తప్పడం, దిగులుగా ఒక మూల కూర్చోవడం - ఇంతే ఉండవచ్చు. ముసలితనం అని వదిలేస్తే, లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం దాకా పోవచ్చు.

టీఎస్‌హెచ్, టీ3, టీ4 అనే రక్తపరీక్షలతో విషయం తేలిపోతుంది. గ్రంథి ఎక్కువగా పనిచేస్తుంటే టీఎస్‌హెచ్ బాగా పడిపోతుంది, మిగతా రెండూ పెరుగుతాయి. ఇక్కడొక జాగ్రత్త ఉంది. జుట్టు కోసం, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవారికి ఈ పరీక్షలు తప్పుగా రావచ్చు. పరీక్షకు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పి, వారు చెప్పినన్ని రోజులు వాటిని ఆపాలి.

జుర్జానీ రాసిపెట్టిన సంగతి

ఈ జబ్బుకు ఎక్కువగా కారణమయ్యేది గ్రేవ్స్ వ్యాధి. మనల్ని కాపాడాల్సిన శరీర రక్షణ వ్యవస్థే పొరబడి థైరాయిడ్‌ను అదేపనిగా ఉసిగొల్పుతుంది. మగవారిలో కన్నా ఆడవారిలో ఇది చాలా ఎక్కువ. డబ్లిన్ నగర వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో దీన్ని వర్ణించడంతో ఆయన పేరు స్థిరపడింది. కానీ అంతకు ఏడు వందల ఏళ్ల ముందే, 12వ శతాబ్దంలో, సయ్యద్ ఇస్మాయీల్ జుర్జానీ అనే హకీం గొంతు వాపుకూ, కళ్లు పొడుచుకు రావడానికీ సంబంధం ఉందని గమనించి రాసిపెట్టారు. ఫారసీ భాషలో ఆయన రచించిన వైద్య గ్రంథం పేరు 'జఖీరా-యె-ఖ్వారజ్మ్‌షాహీ'. ఇది గొప్పలు చెప్పుకోవడానికి కాదు. రోగి ముఖంలోకి శ్రద్ధగా చూడటం, చూసింది చూసినట్లు రాయడం మన పెద్దలు ఇబాదత్‌లా చేశారని గుర్తుచేసుకోవడానికి.

చూడాల్సిన వాళ్లు చూడకపోతే ఏమవుతుందో అమెరికా పరుగుల రాణి గెయిల్ డెవర్స్ కథ చెబుతుంది. 1988 సియోల్ ఒలింపిక్స్ నాటి నుంచి ఆమె ఒంట్లో బాగుండలేదు. అది గ్రేవ్స్ వ్యాధి అని తేలేసరికి 1990 వచ్చింది. చికిత్స సమయంలో పాదాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంత దూరం పోయింది. అలాంటి మనిషి 1992 బార్సిలోనాలో 100 మీటర్ల పరుగులో బంగారు పతకం గెలిచింది, 1996లో అట్లాంటాలో మళ్లీ గెలిచింది.

కోపం ఎవరిది?

ఈ జబ్బు ఒంటికన్నా ముందు స్వభావాన్ని పట్టుకుంటుంది. చిన్న మాటకు చిరాకు, అకారణంగా ఏడుపు, చేతిలో పని మీద నిలవని మనసు - ఇవన్నీ దీని లక్షణాలే. బయటివారికి మాత్రం ఇది జబ్బుగా కనబడదు, గుణంగా కనబడుతుంది. కొత్తగా వచ్చిన కోడలు విసుక్కుంటే, "దుల్హన్ పాషాకు నోరెక్కువ, ఒంటికి ఏమీ పట్టదు, అంతా అసూయ" అని పేరు పెడతారు. ఇంటాయన పిల్లల మీద అరిస్తే, "పెద్దవాడవుతున్న కొద్దీ మొండితనం" అంటారు. ఆ పేర్లు ఒకసారి పడితే, మందుతో గుండెదడ తగ్గిన తర్వాత కూడా పోవు.

కోపాన్ని దిగమింగేవారిని, మనుషులను మన్నించేవారిని దివ్యఖుర్ఆన్ సూరా ఆలి ఇమ్రాన్‌లో ప్రశంసించింది. ఆ బోధ రోగికీ వర్తిస్తుంది, రోగి పక్కనున్నవారికి మరీ వర్తిస్తుంది. అనుమానాల్లో చాలా వాటికి దూరంగా ఉండమని సూరా హుజురాత్ ఆదేశిస్తోంది. మనిషి స్వభావం రెండు మూడు నెలల్లో మారిపోయిందంటే, తీర్పు చెప్పడానికి ముందు ఒక రక్తపరీక్ష చేయించడం ధర్మం. తలాక్ మాట దాకా వెళ్లిన ఇళ్లలో కూడా ఇది గుర్తు చేయాల్సిన విషయం. రోగి కూడా, "ఇది నా జబ్బు మాట్లాడిస్తోంది, నన్ను క్షమించండి" అని ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచితే సగం గొడవలు ఉండవు.

మూడు దారులు

ఎడారి అరబ్బులు వచ్చి, మేము వైద్యం చేయించుకోవచ్చా అని అడిగినప్పుడు, చేయించుకోమనీ, వృద్ధాప్యం తప్ప మందులేని రోగాన్ని అల్లాహ్ సృష్టించలేదనీ ప్రవక్త (స) సెలవిచ్చారు. ఈ జబ్బుకు మూడు రకాల చికిత్సలున్నాయి. మాత్రలు, రేడియో అయోడిన్, ఆపరేషన్.

మొదటిది మాత్రలు. మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది కార్బిమజోల్. నియో మెర్కజోల్ అనే పేరుతో చాలామందికి తెలుసు. ఇది కొత్త హార్మోన్ తయారీని అడ్డుకుంటుంది. అయితే అప్పటికే గ్రంథిలో నిల్వ ఉన్న సరుకు ఖర్చు కావాలి కదా, అందుకే గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ లోపు గుండెదడ, వణుకు తగ్గడానికి ప్రొప్రానొలాల్ లాంటి మందు ఇస్తారు. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, వారికి అది పడదు. సాధారణంగా మాత్రల కోర్సు 12 నుంచి 18 నెలలు సాగుతుంది. అంత ఓపికగా వాడినా, ఆపిన తర్వాత దాదాపు సగం మందికి జబ్బు తిరగబెడుతుంది.

మా దగ్గర అరబీ చదువుకుని, తర్వాత అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేరిన ఒక విద్యార్థి ఉండేవాడు. మాత్రలు మొదలుపెట్టిన మూడో నెలకు బరువు పెరిగాడు, నిద్ర వచ్చింది, ముఖంలో కళ వచ్చింది. రమజాన్ వచ్చింది. "బాగానే ఉన్నాను కదా హజ్రత్, ఇంకా మందెందుకు?" అని ఆపేశాడు. ఈద్ అయిన కొన్ని వారాలకే పాత దడ, పాత చెమట తిరిగొచ్చాయి. డాక్టరు అతన్ని తిట్టలేదు. "బాగున్నది మందు వల్ల బేటా, మందు మానినందువల్ల కాదు" అన్నారట. కోర్సు మొదటి నుంచి మొదలైంది.

సబర్ అంటే బాధను నోరెత్తకుండా భరించడం అనుకుంటాం. బాధ ఉన్నప్పుడు మందు వేసుకోవడానికి సబర్ ఎంతో అవసరం లేదు, బాధే వేయిస్తుంది. బాధ పోయిన రోజున, ఇక అవసరం లేదని మనసు చెబుతున్న రోజున, మాత్ర తీసి నోట్లో వేసుకోవడానికి కావాలి సబర్. ఒంటెను కట్టేసి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ మనకందరికీ తెలుసు. ఒంటె నెమ్మదిగా నిలబడి ఉంది కదా అని కట్టు విప్పేవాడు తవక్కుల్ చేసినట్లు కాదు.

జ్వరం వస్తే ఏం చేయాలి?

ఈ మాత్రలు వాడే ప్రతి ఒక్కరూ గోడ మీద రాసిపెట్టుకోవలసిన మాట ఒకటుంది. చాలా అరుదుగా, వెయ్యి మందిలో నలుగురైదుగురికి మించకుండా, ఈ మందు రక్తంలోని తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. ఎక్కువగా మొదటి మూడు నెలల్లో జరుగుతుంది. గుర్తులు జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు. వానాకాలంలో హైదరాబాదులో గొంతునొప్పి రానివారెవరు? అందుకే మెడికల్ షాపులో జ్వరం బిళ్ల కొనుక్కుని పడుకుంటారు. అలా చేయకూడదు. ఆ రోజే మాత్ర ఆపి, ఆ రోజే తెల్లకణాల పరీక్ష చేయించి, డాక్టరుకు చూపాలి. కణాలు సరిగా ఉంటే వారే మళ్లీ మొదలుపెట్టమంటారు. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపించినా ఇంతే తొందర కావాలి. మందు మానకూడదన్న నియమానికి మినహాయింపు ఇదొక్కటే.

మరొక అత్యవసర పరిస్థితి ఉంది. జబ్బు అదుపులో లేని మనిషికి ఇన్ఫెక్షన్ గానీ ఆపరేషన్ గానీ తోడైతే, విపరీతమైన జ్వరం, మతి తప్పిన మాటలు, అందనంత వేగంగా కొట్టుకునే గుండె - ఇవన్నీ ఒక్కసారిగా రావచ్చు. తెల్లవారనీ అని ఆగకుండా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

రోజాల సంగతి

రోగికి, ప్రయాణికుడికి ఉపవాసాన్ని వాయిదా వేసుకునే వెసులుబాటు సూరా బఖరా 184, 185 ఆయతుల్లోనే ఉంది. జబ్బు అదుపులో లేనప్పుడు ఒళ్లు కాలిపోతుంటుంది, చెమట పడుతుంది, గుండె పరుగెడుతుంది. అప్పుడు నీళ్లు లేకుండా పద్నాలుగు గంటలు ఉండటం ప్రమాదమని నమ్మకమైన వైద్యుడు చెబితే, ఆ మినహాయింపును స్వీకరించడం అపరాధం కాదు. నయమైన తర్వాత ఖజా చేసుకోవచ్చు. ఫిద్యా అన్నది కోలుకునే ఆశ లేనివారికి. ఈ జబ్బులో ఆ ఆశ నిండుగా ఉంది.

జబ్బు అదుపులోకి వచ్చినవారిలో చాలామంది రోజాలు ఉండగలరు. కార్బిమజోల్‌ను రోజుకు ఒక్కసారే వేసుకునేలా, లేదా సహరీకి, ఇఫ్తార్‌కు సర్దుకునేలా డాక్టర్లు రాసిస్తారు. అయితే రమజాన్ నెలవంక చూసి కాదు, షాబాన్‌లోనే వెళ్లి అడగాలి. ఇఫ్తార్ తర్వాత ఒకదాని వెంట ఒకటి ఇరానీ చాయ్ తాగే అలవాటు తగ్గించుకోవడం మంచిది, దడకు అది ఆజ్యం పోస్తుంది.

రేడియో అయోడిన్, మసీదు, మనవలు

మాత్రలతో నిలవనివారికి రెండో దారి రేడియో అయోడిన్. అయోడిన్-131ను గుళికగానో ద్రవంగానో నోటి ద్వారా ఇస్తారు. గ్రంథి దాన్ని పీల్చుకుంటుంది, లోపలే చల్లబడుతుంది. బోస్టన్ నగరంలో డాక్టర్ సాల్ హెర్ట్జ్ 1941లో మొదటి రోగికి ఇచ్చినప్పటి నుంచి ఎనిమిది దశాబ్దాలకు పైగా దీన్ని వాడుతున్నారు. రేడియేషన్ అన్న మాట వినగానే భయపడటం సహజం. ఇక్కడ భయం కన్నా జాగ్రత్త అవసరం.

పంజాగుట్టలోని నిమ్స్‌లో ఎండోక్రైనాలజీ, న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలు రెండూ ఉన్నాయి. ఈ దవాఖానాకు మూలం నిజాం ఛారిటబుల్ ట్రస్టు. 1964లో ఎముకల ఆసుపత్రిగా మొదలై, 1989లో చట్టం ద్వారా విశ్వవిద్యాలయ స్థాయి పొందింది. ఒకరు చేసిన సత్కార్యం తర్వాతి తరాలకు అందుతూనే ఉండటాన్ని సదఖా జారియా అంటాం. పొద్దున్నే ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడే వేలాది మంది దాని లబ్ధిదారులే.

గుళిక మింగిన తర్వాత కొన్నాళ్లు రోగి ఒంటి నుంచి, చెమట, లాలాజలం, మూత్రం నుంచి కొంత రేడియేషన్ బయటికి వస్తుంది. అయోడిన్-131 శక్తి ఎనిమిది రోజులకొకసారి సగానికి తగ్గుతుంది. మోతాదును బట్టి కొన్ని రోజుల నుంచి మూడు వారాల దాకా చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండమంటారు. వేరు పడక, వేరు తువ్వాలు, కూర్చుని మూత్రవిసర్జన, రెండుసార్లు నీళ్లు వదలడం, చేతులు బాగా కడుక్కోవడం - ఇవీ నియమాలు. తాతయ్యలకు మనవణ్ని ఒళ్లోకి తీసుకోకుండా ఉండటం మహా కష్టం. ఆ కొద్ది రోజుల దూరమే ఆ పసివాడి మీద చూపే ప్రేమ.

మరి జుమా నమాజు? పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవారిని మసీదుకు రావద్దని ప్రవక్త (స) వారించారు. వాసనతో పక్కవారికి ఇబ్బంది కలగడమే అంత మాటకు కారణమైతే, ఇక్కడ చెప్పేదేముంది? వరుసలో భుజానికి భుజం ఆనించి నిలబడే జమాఅత్‌కు డాక్టరు చెప్పిన గడువు వరకు దూరంగా ఉండి, జుమా రోజున ఇంట్లో జుహ్ర్ చదువుకోవాలి. రోగికి ఆ మినహాయింపు ఉంది. ఉమ్రాకు వెళ్లేవారికి మరో మాట. చికిత్స తర్వాత కొన్ని వారాల దాకా విమానాశ్రయాల్లోని రేడియేషన్ యంత్రాలు మోగవచ్చు. ఆసుపత్రి ఇచ్చిన లేఖ పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోవాలి.

ఈ చికిత్స పొందినవారిలో ఎక్కువమందికి కొన్ని నెలల్లో గ్రంథి పూర్తిగా మందగిస్తుంది. అప్పుడు జీవితాంతం థైరాక్సిన్ మాత్ర వేసుకోవాలి. ఒక జబ్బు పోయి ఇంకొకటి వచ్చిందని కొందరు దిగులు పడతారు. ఇది చికిత్స విఫలం కావడం కాదు, చాలాసార్లు వైద్యులు ఆశించే ఫలితమే. పరిగెత్తే గుండె కన్నా రోజుకొక మాత్ర తేలిక. రోజాల్లో దాన్ని సహరీకి అరగంట ముందు గానీ, తిన్న మూడు గంటల తర్వాత పడుకునే ముందు గానీ వేసుకోవచ్చు.

కళ్ల సమస్య ఎక్కువగా ఉన్నవారికి రేడియో అయోడిన్ వల్ల అది ముదరవచ్చు. సిగరెట్ తాగేవారికి ఆ ముప్పు మరీ ఎక్కువ. ఈ జబ్బు వచ్చినవారు పొగ మానడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. గొంతు వాపు పెద్దదైనవారికి, ఇతర చికిత్సలు పడనివారికి మూడో దారి ఆపరేషన్. స్వరానికి సంబంధించిన నరం, కాల్షియం గ్రంథులు పక్కనే ఉంటాయి కాబట్టి అనుభవం ఉన్న సర్జన్ చేతిలో చేయించుకోవాలి.

సంబంధాల వేళ దాపరికం వద్దు

అమ్మాయికి ఈ జబ్బుందంటే సంబంధం తప్పిపోతుందని మాత్రలు బీరువాలో దాచే తల్లులున్నారు. పెళ్లయ్యాక అత్తవారింట దాచుకుని వేసుకోలేక అమ్మాయి మానేస్తుంది. ప్రమాదం అక్కడ మొదలవుతుంది. జబ్బు అదుపులో ఉంటే పెళ్లికీ, పిల్లలకూ ఇది అడ్డంకి కాదు. అదుపులో లేకపోతే గర్భం నిలవకపోవచ్చు. కార్బిమజోల్ గర్భం తొలి నెలల్లో శిశువుకు మంచిది కాదు కాబట్టి, ఆ సమయానికి ప్రొపైల్ థయోయురాసిల్ అనే వేరే మందు మారుస్తారు. ఆ మార్పు చేయాలంటే డాక్టరుకు ముందే తెలియాలి. భర్తకూ తెలియాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రేడియో అయోడిన్ ఇవ్వరు. తీసుకున్న ఆడవారు కనీసం ఆరు నెలలు, మగవారు కనీసం నాలుగు నెలలు సంతానం కోసం ఆగాలి. నికాహ్ ఒక ఒప్పందం. అందులో నిజం చెప్పడం అమానత్.

అమీర్‌పేటకు కూతవేటు దూరంలో, ఎర్రగడ్డలో కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధనా సంస్థ ఉంది. బొల్లి వ్యాధి కోసం అక్కడికి ఎందరో వస్తారు. బొల్లి ఉన్నవారిలో థైరాయిడ్ లోపాలు ఇతరుల కన్నా ఎక్కువగా కనిపిస్తాయి. వారు ఒకసారి టీఎస్‌హెచ్ చూపించుకోవడం మేలు. యునానీ మందులు వాడేవారు హకీం సాహెబ్‌కు ఇంగ్లీషు మందుల సంగతీ, డాక్టరుకు హకీం సాహెబ్ ఇచ్చిన మందుల సంగతీ దాచకూడదు. వంటలో అయోడిన్ ఉప్పు మానాల్సిన పని లేదు. సముద్రపు నాచుతో చేసిన గుళికలు, అయోడిన్ టానిక్కులు మాత్రం సొంతంగా వాడవద్దు.

మాకు వైద్యం రాదు, పాఠం చెప్పుకునేవాళ్లం. మందు పేరు, మోతాదు డాక్టరు గారు చెప్పాలి. అది వేసుకునే ఓపిక మాత్రం రోగి దగ్గర, ఆ రోగిని గుణం చూసి కాక జబ్బు చూసి అర్థం చేసుకునే పెద్ద మనసు ఇంటివాళ్ల దగ్గర ఉండాలి. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే. ఆయన పెట్టిన కారణాలను అందుకోవలసింది మనమే. రోగులందరికీ ఆయన సంపూర్ణ స్వస్థతను, వారి పక్కనున్నవారికి సహనాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.